వణికే చేతికి నాలుగు మీటలు



పక్షవాతంతో మా బావగారికి మాట పడిపోయింది. మా మేనల్లుడు మంచం పక్కన 16 మీటల చిన్న కీప్యాడ్ అమర్చాడు. ఏ మీట నొక్కితే దాని దీపం వంటింట్లో వెలుగుతుంది. ఆలోచన మంచిదే గాని, వణికే వేలు పక్క మీటపై పడి, నీళ్ళడిగితే బెడ్‌పాన్ వచ్చేది. రెండు రోజులకే ఆయన దాన్ని ముట్టడం మానేశారు. ఒక ఆఫీసు మొత్తాన్ని నడిపిన మనిషి మరి!

అందుకని దానికి అక్రిలిక్ పెట్టె చేశాను. సైన్‌బోర్డుల షాపులో 3 మి.మీ. షీటు ముక్కలు దొరుకుతాయి. స్టీలు స్కేలు ఆనించి కత్తితో పదిసార్లు గీసి, బల్ల అంచున పెట్టి నొక్కితే గీత వెంబడే విరుగుతుంది. పైకాగితం చివరిదాకా తీయకండి. రంధ్రాలకు కింద చెక్క పెట్టి డ్రిల్లు నిదానంగా నడపాలి. వేగం పెరిగితే షీటు కరుగుతుంది, అదిమితే పగులుతుంది. అతుకులకు క్లోరోఫాం చుక్కలు చాలు. అది విషం గనుక కిటికీలు తెరిచి, పిల్లల్ని దూరంగా ఉంచి చేయాలి. తర్వాత స్పిరిట్‌తో తుడవకండి, సన్నని పగుళ్ళు వస్తాయి.

అసలు కిటుకు మూతలో ఉంది. నాలుగు మూలల మీటలకే వేలు దూరేంత రంధ్రాలు పెట్టాను. మిగతా 12 మూత కిందే ఉండిపోయాయి. మూత మీటలకు తగలకుండా కాస్త ఎత్తులో ఉంటుంది కనుక చేయి దానిపై ఆనించుకోవచ్చు. నీళ్ళు, బాత్‌రూమ్, నొప్పి. నాలుగోది మా అక్కయ్యను పిలవడానికి. రోజంతా ఆ నాలుగోదే నొక్కుతున్నారని ఆవిడ ఫిర్యాదు.

నమూనాగా ఇంకొకటి చేసి తెచ్చాను. సభ అయ్యాక చూడండి.