నిజాంసాగర్ మట్టి, హోప్ ఐలాండ్ ఇసుక

(మహమ్మద్‌నగర్ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య చూసివచ్చిన చోటు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మా పెద్దమ్మాయి కాకినాడలో ఉంటుంది. మొన్న ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు అల్లుడు మమ్మల్ని పడవలో హోప్ ఐలాండ్‌కు తీసుకెళ్లాడు. తీర్థయాత్ర కాదు గనుక మా ఆవిడ మొదట సణిగింది.

అది సముద్రానికి, కాకినాడ అఖాతానికి నడుమ సుమారు 16 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన ఇసుక దిబ్బ. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు మేట వేయగా గత రెండు శతాబ్దాలలోనే తయారైందట. సముద్రం వైపు ఇసుక, సరుగుడు చెట్లు. అఖాతం వైపు బురద, అందులో మడ అడవి. బురదలో గాలి అందదు కాబట్టి మడ చెట్ల వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకు వచ్చి ఊపిరి తీసుకుంటాయి. నేను ఒక తిల్ల కొమ్మ విరవబోతే పడవాయన కేక వేశాడు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమట! పక్కనే ఉన్న కోరంగి అడవిని 1978లో అభయారణ్యం చేశారు. నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురుపిల్లులు అక్కడ ఉన్నాయి. మాకు కనిపించినవి మాత్రం కొంగలు, ఎర్ర పీతలు, ఇసుకలో నక్క అడుగులు.

ఆ అడుగులు ఒక తవ్విన గుంట దగ్గర ఆగాయి. చుట్టూ తాబేలు గుడ్ల పెంకులు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి, నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. పిల్లలు రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అంతలో నక్కలు, కుక్కలు తవ్వేస్తాయి. అందుకే అటవీ శాఖవారు గుడ్లను ఏరి కంచె లోపల పూడ్చి కాపాడుతున్నారు. కొంచెం దూరంలో పెద్ద తాంబాళమంత తాబేలు ఒకటి చచ్చి పడివుంది. ఊపిరి కోసం అది పైకి రావాలి. మరపడవల వలలో చిక్కితే రాలేదు. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

తిరుగు పడవలో నాకు మన ప్రాజెక్టు గుర్తుకొచ్చింది. నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ణి కదా. 1931లో పూర్తయినప్పుడు నిజాంసాగర్‌లో దాదాపు 30 టీఎంసీలు పట్టేవి. పూడిక వల్ల అది 18 లోపుకు దిగింది. ఆ పూడికను మనం మన నష్టం కిందే లెక్క రాసుకున్నాం. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ ఆగిన మట్టిలో కొంతైనా ఆ తీరానికి చేరవలసినదే. గోదావరి మీద, ఉపనదుల మీద ఆనకట్టలు పెరిగినకొద్దీ డెల్టాకు మట్టి తగ్గింది, తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. ఆనకట్టలు వద్దని నేననను. మన వరి, మన చెరకు ఆ నీళ్లవే, నా జీతమూ ఆ నీళ్లదే. కానీ సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆ మట్టి ఎక్కడికి పోవలసిందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి మా ఆవిడే అడిగింది. పిల్లలు సముద్రంలోకి పోయేదాకా ఉందామంటోంది. సెలవు.