విరాసతు – ఆడబిడ్డ భాగము

(సంగారెడ్డిలో ఒక పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



తండ్రి పోయిన పదునొకండవనాడు మన హిందూ గృహములలో శాస్త్రమున లేని తంతు ఒకటి జరుగుచున్నది. బంధువులు విస్తళ్ల యొద్దనుండి లేవకమునుపే పెద్దన్న తెల్లకాగితము తెచ్చి చెల్లెలి ముందుంచును. "పసుపు కుంకుమల క్రింద నీకు ముట్టినది గదా, ఇక్కడ వ్రాలు పెట్టమ్మా" అనును. ఆమె కన్నీరు తుడుచుకొని వ్రాలు చేయును. పుట్టినింటి త్రోవ మూసికొనిపోవునను భయమే ఆ వ్రాలునకు మూలము.

మన తాతలనాడు దీనివలన పోవునది రెండెకరముల చెలక. పిమ్మట రామచంద్రాపురమున భెల్ కర్మాగారము, పటాన్‌చెరువున పారిశ్రామికవాడ వెలసినవి; 1972లో ఇక్రిశాట్ నెలకొన్నది; ఆపై వలయరహదారి వచ్చినది. నిన్న జొన్న పండిన నేల నేడు గజముల లెక్కన అమ్ముడగుచున్నది. భూమి వెల పెరిగినకొలది తోబుట్టువుల ప్రేమ తరుగుట మేము నిత్యము చూచుచున్నాము. ఆ తరుగుదలయే మా ఫీజని మీరు నవ్వినను తప్పులేదు.

చట్టమేమనుచున్నది? స్వార్జితమునకు వీలునామా వ్రాయక తండ్రి మరణించినచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి భార్యకు, కొడుకులకు, కూతుండ్రకు, బ్రతికియున్నచో అతని తల్లికిని సమభాగములు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి జన్మహక్కును మన నాటి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండియే ఇచ్చినది. కాని అప్పటికే పెండ్లియైన వారిని విడిచినది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. ఆనాటికి తండ్రి బ్రతికియుండవలెనా? అక్కఱలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చినది. నోటిమాట పంపకములను సులభముగా నమ్మరాదనియు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకములు మాత్రము చెదరవు.

ఇక ఆ తెల్లకాగితము. స్థిరాస్తిలో హక్కు వదలుకొను పత్రము రిజిస్టరు కావలెను; కానిచో ఆ వ్రాలుతో హక్కు పోదు. విరాసతుతోనే హక్కు స్థిరపడినదని అన్నలు తలచుట మఱొక భ్రమ. 2020లో వచ్చిన ధరణియైనను, 2025 ఏప్రిలులో దాని స్థానమున వచ్చిన భూభారతియైనను పట్టాదారుని పేరు చూపును గాని తోబుట్టువుల హక్కు తగవును తీర్చునది సివిలు న్యాయస్థానమే. వీలునామా యున్నదందురా, మన జిల్లాలో హిందువు వ్రాసిన దానికి ప్రోబేటు తప్పనిసరి కాదు. తగవు వచ్చిననాడు మాత్రము సాక్షులిద్దరిలో బ్రతికియున్న ఒక్కరైనను వచ్చి చెప్పవలెను. రిజిస్టరైనంత మాత్రమున చాలదు.

ఇదంతయు చదివినవాడనే నేను మా తండ్రి దినమునాడు మా చెల్లెలి చేత అట్టి కాగితముపై వ్రాలు చేయించితిని. ఆమె ఒక్కమాట అనలేదు. మూలన కూర్చున్న మా యమ్మ మాత్రము, "నా వ్రాలు అక్కఱలేదా కొడుకా?" అని అడిగినది. ఆమెయు వారసురాలని న్యాయవాదినైన నాకు తోచలేదు! ఏడాది దాటిన తరువాత ఆ కాగితమును చించి, మువ్వురమును సబ్‌రిజిస్ట్రారు కచ్చేరికి పోయి పంపక పత్రము వ్రాయించుకొంటిమి. ఆ యేడాది పండుగలకు చెల్లెలు మా ఇంటికి రాలేదు.

1930లో మన జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ కూడినప్పుడు, నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు కూడినది. ఈ సీమలో స్త్రీలమాట సభకెక్కుట నాటినుండియు ఉన్నదే. పొలము గట్టు మీదికే ఇంకను రాలేదు.

దావాకు దిగిన ఇండ్లలో ముసలితల్లులు తీర్పు వినకయే పోవుచున్నారు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక న్యాయసేవా సంస్థ ఉచితముగా వకీలును నియమించును. లోక్ అదాలతులో కుదిరిన రాజీ డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. వచ్చు ఆదివారము మేము కొందరము ఈ మందిరముననే కూర్చుందుము. మరణ ధ్రువపత్రము, కుటుంబసభ్యుల ధ్రువపత్రము, పాత పహాణీ నకళ్లు తెండు. చెల్లెలిని, అమ్మను కూడ తోడ్కొని రండు.