పరిశోధక విద్యార్థి ప్రథమ పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఎం.ఏ. తరగతిలో క్రొత్తగా చేరిన సాంఘికశాస్త్ర విద్యార్థికి పరిశోధనా పద్ధతులు మొదట నిర్వచనములుగానే కానవచ్చును. ప్రశ్నావళి, నమూనా, పరికల్పన అను మాటలను అతడు కంఠస్థము చేయును. వాని ప్రాణము తెలియవలెనన్న సత్తెనపల్లి పరిసర గ్రామములకు వచ్చి, ఒక రైతు ఇంటి అరుగుపై కూర్చుండవలెను.

అతడు పరిశోధింపబూనినది ప్రత్తి, మిరప రైతుల ఋణభారము అనుకొనుడు. "మీకు అప్పెంత?" అని అడుగును. రైతు బ్యాంకులోని పంట ఋణమును మాత్రమే చెప్పవచ్చును. పురుగుమందుల దుకాణములోనిది ఖాతా. కమీషను కొట్టులో తెచ్చినది అడ్వాన్సు. ఇల్లాలి నగపై తెచ్చినది తాకట్టు. బంధువునొద్ద తీసికొన్నది చేబదులు. వీనిలో దేనికిని రైతు అప్పు అను పేరు పెట్టకపోవచ్చును. రైతు అబద్ధమాడలేదు, ప్రశ్నయే చాలలేదు. కావున ఒక్కొక్కదానిని దాని పేరుతోనే, ఏ తేదీ నాటికి ఎంత నిలువయున్నదో విడివిడిగా అడుగవలెను. ముందుగా నాలుగైదిండ్లలో ప్రశ్నావళిని పరీక్షించి దిద్దుకొనుట ఇందులకే.

రెండవది నమూనా. పట్టాదారుల జాబితానుండి ప్రతి పదవ పేరును తీసినచో పని శాస్త్రీయముగానే కానవచ్చును. కాని సేద్యము చేయువాడు కౌలుదారైనచో అతని పేరు అందుండదు. కౌలుదార్లకు ఋణ అర్హత పత్రములిచ్చుటకై 2011లో ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చుటయే ఇందుకు సాక్ష్యము. ప్రత్తి తీయు కూలి స్త్రీ పేరును అందుండదు. జాబితాలో లేనివారిని వెదకని లెక్క, ఎంత చక్కగా కూడినను, సగము లెక్కయే.

ఈ త్రోవలో నడచిన పెద్దలు లేకపోలేదు. నిడుబ్రోలు వాస్తవ్యులైన ఆచార్య ఎన్.జి. రంగాగారు డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థను పరిశీలించి 1926లో గ్రంథము ప్రకటించిరి. 1951-52లో ఆచార్య ఎస్.సి. దూబేగారు ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందముతో హైదరాబాదు సమీపమునందలి షామీర్‌పేటను పరిశీలించిరి. 1955లో వెలువడిన 'ఇండియన్ విలేజ్' దాని ఫలము. ఒక్క ఊరిని లోతుగా చూచుటవలన ఎంత తెలియునో ఆ గ్రంథము చూపును. అయినను ఒక ఊరి సత్యమును దేశమంతటికి అంటగట్టరాదని విద్యార్థి మరువరాదు.

అన్నిటికంటె కఠినమైన పాఠమొకటి కలదు. 1987-88లో తెల్లదోమ వలన గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తి పంట నాశనమై, అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. అట్టి ఇంటి గడప త్రొక్కువాడు ప్రశ్నకు ముందు అనుమతి వేడవలెను. వలదన్నచో కాగితము మడచి లేచి రావలెను. చెప్పినచో వారి పేరును గుప్తముగా నుంచవలెను. దుఃఖమునకు కారణ మిదియొక్కటే యని తొందరపడి వ్రాయరాదు. పట్టమునకై వచ్చిన విద్యార్థికి అది ఒక అధ్యాయము. ఆ ఇంటివారికి అది జీవితము.

పరిశోధన ముగిసిన పిమ్మట దాని ప్రతిని, ఊరివారికి తెలియు తెలుగులో సారాంశమును, ఆ ఊరి గ్రంథాలయమున ఉంచవలెను. తప్పులున్నచో దిద్దుటకు ఊరివారికంటె అర్హులెవరు? తీసికొన్న పుస్తకమును తిరిగి ఇచ్చుట పాఠకుని ధర్మము. తీసికొన్న విషయమును తిరిగి ఇచ్చుట పరిశోధకుని ధర్మము.