లిమిట్ కొట్టినా పని చేయలేదు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. నేను కంప్యూటరు గురించి మాట్లాడితే ఇక్కడున్న ఇంజనీరింగు పిల్లలకు నవ్వు రావచ్చు. కానీ ఈ ఏడాది ఏడుగురు పిల్లల పేర్లు జాబితాలో లేకుండా పోయాయి. జాబితా తీసింది నేనే కనుక సంగతి నేనే చెప్పాలి.

మన దరఖాస్తులను వడపోసే పైథాన్ ప్రోగ్రాము పూర్వం మన ఉపకార వేతనంతో చదువుకున్న కుర్రాడే రాసిచ్చాడు. కుటుంబ వార్షికాదాయ పరిమితి 1,50,000 రూపాయలని సెట్టింగుల ఫైలులో ఉంది. కమిటీ దాన్ని 2,50,000 చేసింది. కమాండు చివర 'మైనస్ మైనస్ లిమిట్' అని కొట్టి అంకె వేస్తే చాలునని ప్రోగ్రాము హెల్పులో ఉంది. వేశాను. జాబితా వచ్చింది, బరంపురంలో మన హాలు నోటీసు బోర్డుకు అంటించాం.

మర్నాడు ఒక తల్లి వచ్చింది. "బాబుగారూ, మా ఆదాయం లక్షా ఎనభై వేలు. ఈసారి వస్తుందన్నారు కదా, పాప పేరు లేదేమిటండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

లిమిట్ స్పెల్లింగు తప్పు కొడితే ప్రోగ్రాము వెంటనే ఎర్రరు చూపిస్తుంది. సరిగ్గా కొట్టినదాన్ని పుచ్చుకుని వాడకపోతే మాత్రం ఒక్క మాటా అనదు. ఖాతాదారు ఉత్తరాన్ని ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించి, ముద్ర కొట్టి, లెడ్జరులో పోస్టు చేయడం మానేసినట్టన్నమాట. ఆయన చేతిలో రసీదు ఉంటుంది, పని జరగదు.

అనుమానం తీరడానికి లిమిట్ ఒక్క రూపాయి అని కొట్టాను. జాబితా ఖాళీగా రావాలి. పాత పేర్లే వచ్చాయి!

కుర్రాడికి ఫోను చేశాను. చూసి, "అంకుల్, మీరు కొట్టినది ముందు చదువుతోంది, తర్వాత సెట్టింగుల ఫైలు చదివి దాని మీద పాత అంకె రాసేస్తోంది" అన్నాడు. మామూలుగా మనిషి అప్పటికప్పుడు కొట్టినదే ఫైలులో ఉన్నదానికన్నా పైమాట కావాలి. వరస మార్చాడు. ఈసారి ఇంకో చిక్కు. లిమిట్ ఏమీ కొట్టకపోయినా ప్రోగ్రాములో ముందే రాసి ఉన్న 1,00,000 వచ్చి ఫైలులోని అంకెను తోసేసింది. ఆర్గ్‌పార్స్ అనే భాగానికి డిఫాల్టు ఇచ్చి ఉంటే, మనం కొట్టకపోయినా అది ఆ అంకెనే నింపి ఇస్తుందట. అందుకని డిఫాల్టును 'నన్' అని ఖాళీ పెట్టి, ఖాళీగా వస్తే ఫైలులోది, లేకపోతే మనం కొట్టినది తీసుకోమని రాశాడు. సున్నా కొడితే దాన్నీ ఖాళీ అనుకోకుండా చూడమన్నాను. వోచరులో సున్నా వేరు, రాయకుండా వదిలేయడం వేరు. ఈ ఒక్క విషయంలో నేను వాడికి పాఠం చెప్పాను.

మళ్ళీ రూపాయి లిమిట్ వేసి చూశాను, ఒక్క పేరూ రాలేదు. 2,50,000 వేస్తే ఏడుగురూ వచ్చారు. ఆ తల్లీ, పాపా మూడో వరసలో కూర్చున్నారు. వారికి ఇందరి ముందు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఇకనుంచి ఏ పరిమితితో తీసిందీ జాబితా నెత్తిన అచ్చయ్యేట్టు చేయించాను. వెళ్ళేటప్పుడు బోర్డు మీద చూడండి. అంకె తేడాగా కనిపిస్తే నన్ను పిలవండి, బయటే ఉంటాను.