చచ్చిన గొర్రె చెప్పే నిజం: వెటర్నరీ అనాటమీ, పాథాలజీలో కెరీర్

ఈరోజు ఎపిసోడ్‌లో కాస్త చిత్రమైన ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం. నేను పశువుల డాక్టర్ని. కానీ నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో ఎక్కువమంది అప్పటికే చనిపోయి ఉంటారు. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మావాడు పశువుల డాక్టరు" అని గొప్పగా చెప్తుంది గానీ, ఏ రకం డాక్టరు అని అడిగితే మాట మార్చేస్తుంది.

నేను వెటర్నరీ పాథాలజిస్టుని. పశువుకి ఏ జబ్బు వచ్చింది, ఎందుకు చనిపోయింది అని శరీరాన్ని చూసి తేల్చడం నా పని. దానికి పునాది అనాటమీ, అంటే ఏ అవయవం ఎక్కడుంటుంది, ఎలా ఉండాలి అనే చదువు. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియనివాడికి, పాడైనప్పుడు ఏం మారిందో ఎలా తెలుస్తుంది? అందుకే ఈ రెండింటి గురించీ కలిపే చెప్తాను.

ముందు మా ఇంటి కథ చెప్పాలి. ఎందుకంటే నేను ఈ లైన్‌లోకి వచ్చింది మార్కులు చూసుకుని కాదు, పదకొండు గొర్రెపిల్లల్ని చూసి.

మాది గురజాల దగ్గర పల్లె. నాన్నకి అప్పట్లో తొంభై దాకా జీవాలుండేవి. నేను ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చా. ఒకరోజు మంద పక్క చేలో మేసింది. అది కోతైపోయిన మొక్కజొన్న చేను. దాని యజమాని వరసకి నాకు బాబాయ్ అవుతాడు. గట్టు విషయంలో ఆయనకీ నాన్నకీ రెండేళ్లుగా మాటల్లేవు. తెల్లారి దొడ్లోకి వెళ్లి చూస్తే పదకొండు పిల్లలు కాళ్లు చాపి పడున్నాయి. రెండు ఇంకా కొట్టుకుంటున్నాయి.

నాన్న నోట మొదట వచ్చిన మాట, "గుళికలు చల్లాడు." అంతే, ఇంకో ఆలోచన లేదు. పది నిమిషాల్లో మా ఇంటి ముందు ఇరవై మంది చేరారు. పల్నాడంటే మీకు తెలుసుగా. కోడిపందెం దగ్గర రాజుకున్న గొడవ కారెంపూడి యుద్ధం దాకా పోయిందని కథలు చెప్పుకునే గడ్డ ఇది. ఎవరు మొదలుపెట్టారో తేలేలోపు ఎవరో ఒకరు ఆస్పత్రిలో ఉంటారు. నాకు కాళ్లు వణికాయి.

మా పెద్దమ్మ ఒక్కతే, "ముందు డాక్టరమ్మని పిలవండిరా" అంది. సైకిలేసుకుని నేనే వెళ్లా. ప్రభుత్వ పశువైద్యశాల నుంచి డాక్టరు గారు వచ్చారు. గుంపుని చూశారు, నాన్నని చూశారు. ఎవర్నీ ఏమీ అనలేదు. చేతికి గ్లౌజులు వేసుకుంటూ ఒకటే ప్రశ్న అడిగారు, "చచ్చినవాటిలో బక్కవి ఎన్ని?"

ఒక్కటీ లేదు. పోయినవన్నీ బలంగా, నిగనిగలాడుతున్న పిల్లలే. బక్కచిక్కినవి హాయిగా అరుస్తున్నాయి. విషం చల్లితే అది బలిసిన పిల్లల్నే ఏరుకుని చంపుతుందా? ఈ ముక్క గుంపులో ఉన్న ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఆమె ఒక పిల్లని కోశారు. పొట్ట నిండా మొక్కజొన్న గింజలు. పురుగుమందు వాసన లేదు. గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు చేరి ఉంది. కిడ్నీని వేలితో నొక్కితే మెత్తగా, గుజ్జులా దిగిపోయింది. మూత్రాశయంలోంచి కాస్త మూత్రం తీసి, షుగర్ చూసే పట్టీ ముంచారు. రంగు మారింది. చిన్నపేగు ముక్కని రెండు వైపులా దారంతో కట్టి, ఐస్ డబ్బాలో పెట్టి ల్యాబ్‌కి పంపారు. "ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఖాయంగా చెప్పను. కానీ నా అనుమానం చిటుక రోగం. చేలో మందు లేదయ్యా, రాలిన కంకులున్నాయి" అన్నారు.

చిటుక రోగం పేరు గొర్రెలకాపరులందరికీ తెలుసు. ఇంగ్లీషులో ఎంటెరోటాక్సీమియా. క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా గొర్రె పేగులో మామూలుగానే కొద్దిగా ఉంటుంది. ఒక్కసారిగా గింజలు గానీ లేతమేత గానీ ఎక్కువ తింటే అది విపరీతంగా పెరిగి విషం వదుల్తుంది. ఎవరు ఎక్కువ తింటారు? బలమైన పిల్లలే. అందుకే అవే ముందు పోతాయి, అదీ గంటల్లో.

కొన్ని రోజులకి ల్యాబ్ రిపోర్టు కూడా అదే చెప్పింది. ఆ సాయంత్రం బాబాయ్ మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. అమ్మ టీ ఇచ్చింది. అంతే. ఆ ఏడాది నుంచి నాన్న వానలకి ముందే మందంతటికీ చిటుక రోగం టీకా వేయించడం మొదలుపెట్టాడు.

నాకు మాత్రం ఒక విషయం బుర్రలో ఉండిపోయింది. ఆ రోజు డాక్టరమ్మ ఏ జీవినీ బతికించలేదు. చచ్చిన పిల్ల చచ్చిందే. కానీ మిగిలిన మంద బతికింది, రెండు కుటుంబాలు బతికాయి. పాథాలజీ అంటే ఇదీ. చచ్చినదాన్ని అడిగి, బతికున్నవాళ్లకి జవాబు చెప్పడం.

ఇప్పుడు చదువులోకి వద్దాం.

అనాటమీ అంటే బొమ్మలు గీసి, పేర్లు బట్టీపట్టడం అనుకుంటారు. మొదటి ఏడాది నేనూ అలాగే తిట్టుకున్నా. ఆవుకి ఒకలా, గుర్రానికి ఒకలా, కోడికి ఒకలా, కుక్కకి ఒకలా. గుర్రానికి పిత్తాశయమే ఉండదు. కోడి ఊపిరితిత్తుల వెనక గాలిసంచులుంటాయి. ఎందుకివన్నీ? ఒక ఉదాహరణ చెప్తా. గేదె మేతతో పాటు చిన్న తీగముక్క మింగిందనుకోండి. అది నాలుగు అరల పొట్టలో రెటిక్యులం అనే అరలో ఆగుతుంది. లోపల తేనెపట్టులా ఉంటుంది ఆ అర. దానికి ముందు పలచని డయాఫ్రమ్, ఆ వెంటనే గుండె. పొట్ట కదిలినప్పుడల్లా తీగ ముందుకి గుచ్చుకుంటూ పోయి గుండెకే తగలొచ్చు. ఈ ఇరుగుపొరుగు తెలిసిన డాక్టరుకి, గేదె పొట్టలో తీగ ఎందుకు గుండెజబ్బుగా మారిందో అర్థమవుతుంది. తెలియనివాడు అజీర్తి మందిచ్చి వెళ్లిపోతాడు. అలాగే తొడ వెనక ఇంజెక్షన్ తప్పు చోట పడితే సయాటిక్ నరం దెబ్బతిని, దూడ కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. అదీ అనాటమీనే.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఇంటర్న్‌షిప్‌లో ఉండగా ఒక ఊళ్లో గేదె ఉన్నట్టుండి చనిపోయింది. నేను హుషారుగా కత్తి తీసి కోయబోయా. మా సీనియర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముక్కు చూశావా?" అన్నాడు. ముక్కులోంచి, మలద్వారంలోంచి నల్లటి రక్తం కారుతోంది, గడ్డకట్టలేదు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ లక్షణం. అలాంటి కళేబరాన్ని కోయకూడదు. కోస్తే గాలి తగిలి ఆ బ్యాక్టీరియా స్పోర్లుగా మారుతుంది, నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది, మనుషులకీ సోకుతుంది. చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం స్లైడు మీద తీసుకుని పరీక్షకి పంపాలి, కళేబరాన్ని లోతుగా పూడ్చి సున్నం వేయాలి. పాథాలజిస్టుకి ఎప్పుడు కోయాలో తెలిస్తే చాలదు, ఎప్పుడు కోయకూడదో కూడా తెలియాలని ఆ రోజు నేర్చుకున్నా. కోసి ఉంటే ఈ వీడియో ఉండేది కాదేమో.

ఇది పశువుల దగ్గరే ఆగే విషయం కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చాయి. శాంపిళ్లు భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబ్‌కి వెళ్తేనే అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని తేలింది. మార్చిలో మన నరసరావుపేటకి చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దాన్ని నిర్ధారించింది. ఆ కుటుంబం గురించి నేనేం మాట్లాడను. ఒక్కటే చెప్తా. కోడి ఎందుకు చచ్చింది అనే ప్రశ్న కోడితో ఆగిపోదు.

ఇంకో ఉదాహరణ. మన దేశంలో రాబందులు 1990ల నుంచి మాయమైపోతూ వచ్చాయి. ఏ వైరసో అనుకున్నారు చాలామంది. చచ్చిన రాబందుల్ని కోసి చూస్తే కిడ్నీలు పాడై, లోపలి అవయవాల మీద తెల్లటి సున్నంలా యూరిక్ యాసిడ్ పేరుకుని ఉంది. కూపీ లాగితే, పశువులకి వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు దగ్గర తేలింది. ఆ మందు ఒంట్లో ఉన్న పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు చచ్చేది. 2004లో ఆ పరిశోధన బయటికొచ్చింది. 2006లో మన దేశం పశువులకి ఆ మందు వాడకాన్ని నిషేధించింది. చచ్చిన పక్షి కిడ్నీ ఒక దేశం చేత చట్టం మార్పించింది.

సరే, దారి ఎలా? ఇంటర్ బైపీసీ తర్వాత బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్లు. ఆంధ్రలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. దాని కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కాలేజీలున్నాయి. తిరుపతి కాలేజీ అయితే 1955 నాటిది. తెలంగాణకి పీవీ నరసింహారావు పేరు మీద విడిగా పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. దేశమంతటా 15 శాతం సీట్లు ఆలిండియా కోటాలో నీట్ ర్యాంకుతో నింపుతారు. రాష్ట్రం సీట్లకి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చదువుకోండి, వాట్సాప్ ఫార్వర్డ్‌లు నమ్మొద్దు.

ఆ తర్వాత రెండేళ్ల ఎంవీఎస్సీ. అక్కడ అనాటమీ, పాథాలజీ విడివిడి విభాగాలు. ఆపైన పీహెచ్‌డీ.

ఉద్యోగాలంటారా? మొదటిది టీచింగ్. ప్రతి పశువైద్య కాలేజీలో ఈ రెండు విభాగాలూ ఉండి తీరాలి. అనాటమీ చదివినవాళ్లకి ప్రధానమైన దారి ఇదే. రెండోది పరిశోధన. ఐకార్ సంస్థల్లో సైంటిస్టు పోస్టులు. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 57,700తో మొదలవుతుంది. మూడోది ప్రభుత్వ రోగ నిర్ధారణ ల్యాబ్‌లు. నాలుగోది టీకా కంపెనీలు, కోళ్ల పరిశ్రమ. హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 1982 నుంచి ఉంది. ఐదోది చాలామందికి తెలియనిది, టాక్సికాలజిక్ పాథాలజీ. కొత్త మందు మనుషుల దాకా రాకముందు జంతువుల మీద పరీక్షిస్తారు. ఆ కణజాలాల్ని మైక్రోస్కోప్ కింద చదివి, ఈ మందు కార్జాన్ని పాడుచేస్తోందా లేదా అని చెప్పేది వెటర్నరీ పాథాలజిస్టే. హైదరాబాద్, బెంగళూరులో ఈ పని ఉంది. విదేశాలకి వెళ్లాలనుకుంటే అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్ సర్టిఫికేషన్‌కి మంచి విలువ. మామూలుగా మూడేళ్ల శిక్షణ, ఆపైన గట్టి పరీక్ష.

అడవి పని కూడా ఉంది. మన మాచర్ల పక్కనే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అడవిలో పులి చనిపోతే అది సహజంగా చచ్చిందా, ఉచ్చులో పడిందా, విషమా అన్నది పోస్ట్‌మార్టమే తేల్చాలి. పట్టుబడిన ఎముక చూసి అది ఏ జంతువుదో చెప్పడానికి అనాటమీ కావాలి. ఆ రిపోర్టు కోర్టుకి వెళ్తుంది.

ఇప్పుడు చేదు నిజాలు. పీజీ సీట్లు తక్కువ. టీచింగ్ పోస్టుల నోటిఫికేషన్లు మనం అనుకున్నప్పుడు రావు. ఫార్మలిన్ వాసనకి కళ్లు మండుతాయి, వేసవిలో ఉబ్బిన కళేబరం వాసన చెప్పక్కర్లేదు. క్లినిక్ పెట్టుకున్న ఫ్రెండ్ నాకంటే ముందే కారు కొన్నాడు. కుక్కపిల్ల లేచి తోకాడిస్తే వచ్చే ఆనందం నాకు దొరకదు. జబ్బుని నయం చేస్తేనే తృప్తి అనుకునేవాళ్లు క్లినికల్ వైపు వెళ్లండి, అది చాలా మంచి దారి. కానీ "ఎందుకు?" అనే ప్రశ్న వదలకుండా వెంటాడేవాళ్లకి ఇక్కడ పని ఎప్పటికీ అయిపోదు.

సీటు రాకముందే మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ సెలవుల్లో మీ ఊరి పశువైద్యశాలకి వెళ్లి, డాక్టరు గారిని అడిగి, ఒక వారం పక్కన నిలబడండి. వీలైతే ఒక పోస్ట్‌మార్టం దూరం నుంచి చూడండి. కడుపులో తిప్పితే తప్పేం లేదు, నాకూ తిప్పింది. వాంతి చేసుకుని మళ్లీ వచ్చి చూడాలనిపించిందా? అయితే ఈ దారి మీదే.

మొన్న ఊరెళ్తే, నాన్న ఫోన్‌లో ఎవరితోనో అంటున్నాడు. "చచ్చిందా? పూడ్చకు. ఎవడ్నీ ఏమీ అనకు. ముందు డాక్టర్ని పిలువు." అవతల ఎవరా అని అడిగితే, "మీ బాబాయేరా" అన్నాడు.

ఉంటాను మరి. నమస్తే.