పారసీక పదవి - తెలుగు మంత్రి



పారసీకమున ససాను రాజుల మహామాత్యునకు ‘వుజుర్గ్ ఫ్రమదార్’ అని బిరుదు. మహాజ్ఞాధికారి యని యర్థము. 5వ శతాబ్దమున మిహర్ నర్సే యనునతడు పలువురు రాజుల కడ ఆ పదవిని నిర్వహించెను.

గోలకొండ కుతుబ్‌షాహీల దర్బారు పారసీక మర్యాదనే పాటించినది. ‘పేష్వా’ యనునది పారసీక పదమే. ముందు నడచువాడని యర్థము. పూనా పేష్వాల ప్రసిద్ధిచేత చాలమంది దానిని మరాఠీ మాట యనుకొందురు. జమాబందీ, దస్తావేజు లతో పొద్దు గడపు కచ్చేరీవారైన నట్లు పొరబడరు!

1672లో అబుల్ హసన్ తానీషా సింహాసన మెక్కుటకు తోడ్పడిన సయ్యద్ ముజఫర్ క్రమముగా రాజును మించసాగెను. సుల్తాను అతని కొలువులోని మాదన్ననే చేరదీసి, అతనిని దించి, మాదన్నను ప్రధానిని చేసెను. రాజ్యపు రాబడి మాదన్న చేతికి వచ్చినది. సోదరుడు అక్కన్న తోడయ్యెను. 1677లో శివాజీ వచ్చినప్పుడు సంధి మాటలు నడపినదియు మాదన్నయే.

మిహర్ నర్సేకు వెనుక గొప్ప వంశమును, సొంత భూములును ఉండెను. మాదన్నకు సుల్తాను దయ తప్ప వేరాధారము లేదు.

1685లో హైదరాబాదును పట్టుకొన్న మొగలులు, సంధి కావలెనన్న మాదన్నను తొలగింపుమనిరి. సుల్తాను జాగు చేసెను. 1686 మార్చిలో ఆ సోదరు లిరువురును గోలకొండ వీధిలో హతులైరి. మాదన్న తల మొగలు శిబిరమునకు పోయినది. మరుసటి యేడు కోటయు పడినది.