యంత్రం చేసిన పనికి సాక్షి ఎవరు?
(ప్రసంగ పాఠం)

ఢిల్లీ మహానగరానికి చేరువలో, యమునా నదికి ఆవలి ఒడ్డున నోయిడా నగరం ఉన్నది. నూతన ఓఖ్లా పారిశ్రామికాభివృద్ధి సంస్థకు గల ఆంగ్ల నామంలోని తొలి అక్షరాల కూర్పే ఈ పేరు. 1976 ఏప్రిల్ 17న ఆ సంస్థ ఏర్పడింది. నాడు పొలాలూ పల్లెలూ ఉన్న ఆ నేలపై నేడు దేశంలోని అనేక భాషలవారు పక్కపక్క బల్లల వద్ద కూర్చుని పని చేస్తున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. వారి శ్రమ ఫలితం లారీలలో తరలిపోయే సరుకు కాదు. అది కంటికి కానరాని సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం కూడా అక్కడ ఒక ప్రత్యేక వృత్తిగా ఎదిగింది. 2017లో లాంబ్డాటెస్ట్ అనే పేరుతో ప్రారంభమైన సంస్థ ఇందుకు నిదర్శనం. వేరువేరు బ్రౌజర్లను తన కంప్యూటర్లపై సిద్ధంగా ఉంచి, దూరాన ఉన్నవారు వాటిని అద్దెకు తీసుకుని నడుపుకొనే ఏర్పాటును ఆ సంస్థ కల్పించింది.

బ్రౌజర్ అంటే వెబ్ పుటలను చూపించే కిటికీ. సాధారణంగా ఆ కిటికీ ముందు మనిషి కూర్చుంటాడు. పేరు టైపు చేస్తాడు, మీట నొక్కుతాడు, వచ్చిన జవాబు చదువుతాడు. ఈ పనులన్నింటినీ వరుసగా వ్రాసి పెట్టి, మనిషికి బదులు ఒక ప్రోగ్రాము చేత చేయించడమే బ్రౌజర్ స్వయంచాలన. ఇది సోమరితనం కొరకు పుట్టినది కాదు. ఒక పుట పది రకాల బ్రౌజర్లలో, పలు భాషలలో, చిన్న ఫోనులోనూ పెద్ద తెరపైనా సరిగా కనిపించవలె. మార్పు జరిగిన ప్రతిసారీ ఇదంతా మనుషులే పరీక్షించాలంటే నెలలు పట్టును.

ఈ పరీక్ష ఎంత అవసరమో తెలుగువారికి ఒక అనుభవం తెలిపింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది. ‘జ్ఞా’ అనే సంయుక్తాక్షరాన్ని ఒక ప్రత్యేక రీతిలో, కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిపి పంపితే, దానిని ప్రదర్శించబోయిన ఐఫోన్లలోని సందేశ సాధనాలు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. ‘జ్ఞానము’ అనే మాటకు మొదటి అక్షరమే యంత్రానికి కొరుకుడు పడలేదన్నది విచిత్రం. అయితే ఇందులో దోషం తెలుగు లిపిది కాదు. లిపిని చూపించవలసిన సాఫ్ట్‌వేర్‌ది. ఒక్క భాషలో సరిపోయినది అన్ని భాషలలోనూ సరిపోతుందనుకోరాదు. దేశ సమైక్యతను గురించి చెప్పేటప్పుడు ఈ చిన్న సంగతిని కూడా గుర్తుంచుకోవడం మంచిది. పౌరుని భాషలో పుట తెరుచుకోకపోతే, ఆ పౌరుని ముఖంపైనే తలుపు మూసినట్లు.

స్వయంచాలన చరిత్ర సుదీర్ఘమైనది కాదు. 2004లో అమెరికాలోని షికాగో నగరంలో, థాట్‌వర్క్స్ సంస్థ ఉద్యోగి జేసన్ హగిన్స్ తన పరీక్షల కొరకు సెలీనియం అనే సాధనాన్ని తయారుచేశారు. ఆ తరువాత సైమన్ స్టూవర్ట్ రూపొందించిన వెబ్‌డ్రైవర్ దానితో కలిసింది. 2018 జూన్‌లో వెబ్ ప్రమాణాల సంఘమైన డబ్ల్యు3సి వెబ్‌డ్రైవర్‌ను అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. పరస్పరం పోటీపడే సంస్థల బ్రౌజర్లు ఒకే ఆజ్ఞల భాషను అంగీకరించాయన్నమాట.

ఆ ఆజ్ఞలు వెబ్ ఎ.పి.ఐ. ద్వారా నడుస్తాయి. ఎ.పి.ఐ. అనగా ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పని అడిగే నియమిత ద్వారం. నోయిడాలోని ఒక కంప్యూటరులో బ్రౌజర్ తెరవమని మరొక ఊరి నుండి కోరవచ్చును. వెంటనే ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. ఆపైన పంపే ప్రతి ఆజ్ఞకూ ఆ సంఖ్యను జోడించవలె. ఫలానా చిరునామాకు వెళ్ళు, ఫలానా గడిలో ఈ మాట వ్రాయి, ఫలానా మీట నొక్కు — ఇవి ఆజ్ఞలు. చివరకు బ్రౌజరును మూసివేయమని చెప్పడం కూడా ఒక ఆజ్ఞయే. అది మరచిపోతే, ఖాళీ ఇంట్లో దీపం వెలుగుతున్నట్లు, ఎవరికీ పనికిరాని యంత్రం ఖర్చు పెంచుతూ నడుస్తూనే ఉంటుంది.

పని నడపడం ఒక ఎత్తు, దానిని కనిపెట్టి ఉండడం మరొక ఎత్తు. దీర్ఘమైన పని అప్పగించినప్పుడు సర్వరు ‘202’ అనే సంకేతం పంపవచ్చును. విన్నపం అందిందని మాత్రమే దాని అర్థం. పని పూర్తయిందని కాదు. రిజిస్టరు ఉత్తరం పంపినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. తపాలా కార్యాలయంలో ఇచ్చిన రసీదు వేరు, ఉత్తరం చేరిన తరువాత సంతకంతో తిరిగివచ్చిన కార్డు వేరు. అందువలన పని ఏ దశలో ఉన్నదో మధ్య మధ్య అడగవలె, లేదా పూర్తికాగానే కబురు పంపమని ముందే కోరవలె. మాటిమాటికీ అడిగితే ‘429’ అనే సంకేతం వస్తుంది: విన్నపాలు మితిమీరినవని దాని భావం. అప్పుడు కొంత ఆగి, మళ్ళీ విఫలమైతే అంతకు రెట్టింపు కాలం ఆగి ప్రయత్నించడం మర్యాద.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. మీట నొక్కడం జరిగింది కనుక యంత్రం ‘సఫలం’ అని వ్రాసుకుంటుంది. కాని పరీక్ష రుసుము చెల్లించిన విద్యార్థికి కావలసినది మీట నొక్కిన వార్త కాదు, రసీదు. రసీదు రాలేదని అదే పనిని గ్రుడ్డిగా మళ్ళీ చేయిస్తే రుసుము రెండుసార్లు పోయే ప్రమాదం ఉన్నది. కాబట్టి అడుగడుగుకూ వేళతో సహా దినచర్య నమోదు కావలె. తెర చిత్రం భద్రపడవలె. చివరి ఫలితాన్ని వేరుగా సరిచూడవలె. ఇవి యంత్రం చేసిన పనికి సాక్ష్యాలు.

ఈ శక్తికే మరొక ముఖం కూడా ఉన్నది. నోయిడాలో పనిచేసే తెలుగువాడు సంక్రాంతికి ఇంటికి చేరాలంటే రైలే ప్రధానమైన ఆధారం. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు రిజర్వేషన్ కేంద్రాలు 1999 నాటికి ఒకే వ్యవస్థగా కలిశాయి. 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టిక్కెట్లు వచ్చాయి. కిటికీ ముందు క్యూ తగ్గింది గాని, కంటికి కనిపించని కొత్త క్యూ ఏర్పడింది. తత్కాల్ తెరిచిన మొదటి అయిదు నిమిషాలలో జరిగే లాగిన్ ప్రయత్నాలలో దాదాపు సగం వరకు యంత్రాలవేనని 2025 జూన్‌లో రైల్వే శాఖ ప్రకటించింది. అనుమానాస్పదమైన 2.5 కోట్లకు పైగా ఖాతాలను నిలిపివేసింది. 2025 జులై 1 నుండి ఆధార్ ధ్రువీకరణ గల వారికే ఆన్‌లైన్ తత్కాల్ అని నిర్ణయించింది. మనిషి తన పేరు టైపు చేసే లోపల ప్రోగ్రాము పని ముగించుకొని పోతుంది. తండ్రి అస్వస్థతకు బయలుదేరవలసిన కుమారునికి అది కంప్యూటరు నైపుణ్యంగా కనిపించదు. తన వంతు అపహరణగానే కనిపిస్తుంది.

సాధనం ఒక్కటే. ‘జ్ఞా’ అక్షరం సరిగా కనిపిస్తున్నదా అని పరీక్షించేదీ బ్రౌజరును నడిపే ప్రోగ్రామే. పరుల వంతును లాగుకొనేదీ అటువంటి ప్రోగ్రామే. భేదం ఎక్కడున్నది? మొదటిది అనుమతితో, తన గుర్తింపుతో, దినచర్య వ్రాస్తూ నడుస్తుంది. రెండవది మనిషి వేషం వేసుకుని, జాడలు చెరుపుకుంటూ నడుస్తుంది. పుటలను యంత్రాలు ఏ మేరకు చదవవచ్చునో తెలిపే రోబోట్స్ పత్రం అనే సంప్రదాయం 1994లోనే ఆరంభమైంది. భారత ప్రభుత్వం 2015లో బహిరంగ ఎ.పి.ఐ. విధానాన్ని ప్రకటించింది. సమాచారం కావలసిన ప్రోగ్రాము దొడ్డిదారిన రానవసరం లేకుండా రాజద్వారం కల్పించడమే ఇటువంటి విధానాల సారం.

కళాశాలలో ప్రోగ్రాములు నేర్చుకొనే విద్యార్థి రేపు నోయిడాలోనో, హైదరాబాదులోనో, విశాఖలోనో ఇదే పని చేపట్టవచ్చును. యంత్రాన్ని పరుగెత్తించడం కొద్ది వారాలలో నేర్చుకోవచ్చును. దానిని ఎప్పుడు ఆపవలెనో, ఎవరి అనుమతి తీసుకోవలెనో, పొరపాటు జరిగితే ఎవరు జవాబు చెప్పవలెనో తెలుసుకోవడానికి మరికొంత కాలం పడుతుంది. ఆ రెండవ చదువును కూడా మొదటిదానితో పాటే ఆరంభించవలె. యంత్రం అలసట ఎరుగదు; సిగ్గూ ఎరుగదు. ఆ రెండింటినీ ఎరిగిన మనిషి దాని ప్రక్కన సాక్షిగా నిలిచినప్పుడే అది నలుగురికీ ఉపయోగపడుతుంది.